అబ్బా పేరులో యే

"ఈ పేరుతో రికార్డు లేదు."

అమ్మీ ఫోన్ నా చేతికిచ్చి ఖామోష్‌గా కూర్చుంది. ఆ పేరు మా అబ్బాది.

మా మొహల్లా ఖబ్రస్తాన్ రిజిస్టర్ ఉర్దూలో ఉంటుంది. పేరు, తారీఖు, వరస, నంబరు. ఖబర్లు చాలావరకు కచ్చావే, రాళ్లుండవు. నాలుగు వానాకాలాలు పోతే ఏది ఎవరిదో చెప్పడం ముష్కిల్. అందుకే జావా పని చేసే మా ఆపా కొడుకు ఆ రిజిస్టర్‌నంతా ఒక సైటులోకి ఎక్కించాడు. నేను చదువుతుంటే వాడు టైపు చేసేవాడు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఖబ్రస్తాన్ లోపలికి పోరు. జుమేరాత్ నాడు ఫోన్‌లో అబ్బా వరస, నంబరు చూసుకుని ఫాతిహా చదువుకోవడమే అమ్మీకి జియారత్. ఆ రోజు 2022 ఏప్రిల్, రంజాన్ మొదటి జుమేరాత్.

భాంజాకి ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు వాడు. "గల్తీ నాదే మామూ. మొన్న స్ప్రింగ్ మార్చినా. అమ్మీజాన్ ఫోన్‌ల అరబీ కీబోర్డు ఉన్న సంగతి యాదికి రాలే" అన్నాడు.

స్ప్రింగ్ అంటే జావాలో సైట్లు కట్టేవాళ్ల కోసం ముందే లేపి ఉంచిన స్తంభాలూ దూలాలూ అనుకోండి. 2002లో రాడ్ జాన్సన్ తన కితాబ్‌తోపాటు ఇచ్చిన కోడ్‌లోంచి పుట్టింది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు, లోపల మార్చుకోవచ్చు. ఆ ఇజాజత్తే మావాణ్ణి ముంచింది.

అసలు చిక్కు ఒక హర్ఫ్ దగ్గరుంది. అబ్బా పేరు 'యే'తో మొదలవుతుంది. లఫ్జ్ మొదట్లో వచ్చినప్పుడు అరబీ యే, ఉర్దూ యే రెండింటికీ కింద రెండు చుక్కలే. కంటికి ఫరక్ తెలియదు. కంప్యూటర్‌కు మాత్రం అవి పరాయివాళ్లు. యూనికోడ్‌లో ఒకటి 064ఎ, ఇంకొకటి 06సిసి. కాఫ్‌కూ ఇదే తిప్పలు. రిజిస్టర్‌లో ఎక్కించింది ఉర్దూ యే, అమ్మీ కొట్టేది అరబీ యే.

ఇది వాడికి మొదట్లోనే తెలుసు. అప్పుడేం చేశాడంటే, స్ప్రింగ్ సొంత కోడ్‌నే తెరిచి, ఫారంలో రాసింది లోపలికి వచ్చే చోట నాలుగు లైన్లు దూర్చి, తనదైన జార్ ఫైల్ తయారుచేసుకున్నాడు. ఏడాదికి పైగా బాగానే నడిచింది. 2022 మార్చి 31న స్ప్రింగ్ వాళ్లు ఒక పెద్ద లోపానికి రిపేరు ఇచ్చారు. లోకం దాన్ని స్ప్రింగ్4షెల్ అంది. జావా 9 లేదా ఆ పైన, టామ్‌క్యాట్‌లో వార్ ఫైల్‌గా నడిచే సైట్లలోకి బయటివాళ్లు చొరబడి తమ కోడ్ నడిపించుకునే వీలుంది. మా సైటు అచ్చంగా అలాంటిదే. రిపేరు ఉన్నది 5.3.18లో, వాడి జార్ అంతకన్నా పాతది. కొత్తది పెడితే తన లైన్లు పోతాయి. పెట్టకపోతే మొహల్లా మర్హూముల రికార్డంతా దొంగల చేతికి. కొత్తదే పెట్టాడు. మంచి పనే చేశాడు. కానీ అమ్మీకి అబ్బా దొరకలేదు.

"ఆ లైన్లు మళ్లా అందులో రాస్తే పాయె" అన్నాను.

"రిపేరు వచ్చినప్పుడల్లా రాసుకుంట కూసోవాలె మామూ."

శనివారం తరావీహ్ అయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఈసారి స్ప్రింగ్‌ను ముట్టుకోలేదు. ప్రాపర్టీఎడిటర్‌సపోర్ట్ అనే క్లాసును ఆసరా చేసుకుని తన చిన్న క్లాసు రాశాడు. అందులో సెట్‌యాజ్‌టెక్స్ట్ అనే ఒక్క మెథడ్: అరబీ యే వస్తే ఉర్దూ యే, అరబీ కాఫ్ వస్తే ఉర్దూ కాఫ్. కంట్రోలర్‌అడ్వైస్ అని గుర్తు పెట్టిన ఇంకో క్లాసులో, ఇనిట్‌బైండర్ మెథడ్ లోపల, దాన్ని రిజిస్టర్ చేశాడు. "ఇగ మనం దాన్ని పిలిచేది లేదు. ఫారం వచ్చినప్పుడల్లా స్ప్రింగే మనల్ని పిలుస్తది" అన్నాడు.

నాకు డిగ్రీ మొదటి ఏడాది గుర్తొచ్చింది. ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాణ్ణి, తెలుగు వాక్యాన్నే ఉర్దూ నడకకు వంచేవాణ్ణి. "వాడు చెప్పాడు ఏమనంటే" అని ప్రతి చోటా ఉర్దూ 'కే' దూర్చేవాణ్ణి. లెక్చరర్ ఎర్ర సిరాతో కొట్టేసేవారు. దఫ్తర్‌కు ఒక 'లో' తగిలిస్తే తెలుగు దాన్ని తనే మోసుకుపోతుందని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. మావాడికి ఒక రాత్రి సరిపోయింది.

మధ్యలో ఆ వారం కమిటీవాళ్లు ఫోన్‌లోంచి ఎక్కించిన రెండు మయ్యత్‌ల పేర్లు అరబీ యేతోనే ఉండిపోయాయి. వాటిని విడిగా సరిచేశాడు. ఆ తర్వాతి ఏడాది స్ప్రింగ్ 6కు మారేటప్పుడు జావా 17 కావాల్సి వచ్చింది. చాలా ఫైళ్లలో జావాఎక్స్ అన్నచోట జకార్తా అని మార్చుకోవాల్సి వచ్చింది. యే సంగతి చూసే ఆ చిన్న క్లాసులో మాత్రం ఒక్క అక్షరం కదపలేదట.

అది తర్వాతి మాట. ఆ రంజాన్ రెండో జుమేరాత్ ఇఫ్తార్ అయ్యాక అమ్మీ అదే ఫోన్ తీసింది, అదే అరబీ కీబోర్డు. మార్చుకోమని నేనూ చెప్పలేదు. ఒక్కో హర్ఫే వెతుక్కుంటూ కొట్టింది. కళ్లజోడు సర్దుకుని పైకే చదివింది.

"ఏడో వరస, పద్నాలుగు."