అడ్డుకట్ట

మధురానగర్‌లో మేముండే సందులో ఇళ్లకన్నా హాస్టళ్లే ఎక్కువ. అందులో ఒకదానిలో ఉండే నా విద్యార్థి నాకు ‘మేజిక్: ది గ్యాదరింగ్’ అనే పేకాట నేర్పాడు. గణితవేత్త రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట 1993లో అమెరికాలో వెలువడింది. ఇందులో ఎవరి కట్టను వారే, కనీసం 60 ముక్కలతో, కూర్చుకోవాలి. లోపల ఏమున్నదో తెలియని పొట్లాలు కొనాలి. లేదా కావలసిన ముక్కను అడిగిన ధరకు విడిగా కొనాలి. అనగా ఆట మొదలుకాకముందే జేబు ఒక ఎత్తు వేసి ఉంటుంది.

నేను కూర్చుకున్నది అడ్డుకట్ట. ఎదుటివాడు వేసిన ముక్కను రద్దుచేసేవి కొన్ని, అతని చేతిలోని ముక్కల్ని పారవేయించేవి కొన్ని. అతణ్ణి ఆడనివ్వకపోవడమే నా ఆట. ఇటువంటి కట్టను ఈసడించేవారు లేకపోలేదు. నేను మాత్రం సమర్థించుకున్నాను. రమ్మీలో ఎదుటివాడికి కావలసిన ముక్కను, మనకు పనికిరాకపోయినా, పట్టుకు కూర్చోమా? సికిందరాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నది. ఏ ముక్క ఉంచాలి, ఏది విడవాలి అన్న నేర్పును లెక్కలోకి తీసుకున్నది గదా! పైగా ఖరీదైన ముక్కను చౌకముక్క ఆపగలిగితే అది సమ్మెవంటిదే అనుకున్నాను.

ఒక ఆదివారం ఆ కుర్రవాడు కొత్త కట్టతో వచ్చాడు. కొన్నవి కొన్నే. తక్కినవి కాగితాలమీద పేర్లు రాసి తొడుగుల్లో పెట్టుకున్నవి. వారం రోజులు ఆలోచించి కూర్చాడట. మొదటి ముక్క వేశాడు, రద్దుచేశాను. రెండవదీ అంతే. అతని కట్ట ఏమి చేయగలదో తెలియకుండానే ఆట ముగిసింది.

ముక్కలు సర్దుకుంటూ అన్నాడు: “క్లాసుల గూడ మీరిట్లనే సార్. సగం మాట గూడ చెప్పనియ్యరు.”

ఆ వారమే ‘కన్యాశుల్కం’ చెబుతున్నాను. అందులోని పేకాట రంగం నవ్వించడానికి మాత్రమే కాదని అతడేదో చెప్పబోయాడు. నలుగురు విమర్శకుల పేర్లు వల్లించి కూర్చోబెట్టాను.

అడ్డుకోవడం దానంతటది అభ్యుదయమూ కాదు, అభివృద్ధి నిరోధకమూ కాదు. ఎవరు ఎవరిని ఆపుతున్నారన్నదే ప్రశ్న. సమ్మె చేసేవాడు తనకన్నా బలవంతుడి చక్రాన్ని ఆపుతాడు. జీతమూ, హాజరుపట్టీ, మార్కులూ చేతిలో ఉన్న నేను ఆపింది కాగితపు ముక్కల్ని.

ఆ కట్టను విప్పలేదు. ఖరీదైన కట్టలతో వచ్చేవారికోసం ఉంచాను. సోమవారం మాత్రం పాఠాన్ని మళ్లీ పేకాట రంగం దగ్గర మొదలుపెట్టి, అతణ్ణి చెప్పమన్నాను. చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. కాని ఆ మాట చివరిదాకా విన్న తరువాతనే అన్నాను.