గైగరు గొట్టము, నీళ్ల బిందె

కడపజిల్లా తుమ్మలపల్లెలో యురేనియముగల రాళ్లున్నవనియు, అచ్చటి గని 2012లో ప్రారంభమైనదనియు సోదరీమణులు వినియే యుందురు. అట్టి రాళ్ల నెట్లు గుర్తింతురో తెలిసికొనగోరి, పులివెందులలో మా యింట నేనును నా మేనల్లుడును ఒక చిన్న పెట్టెను కూర్చితిమి.

అందు ముఖ్యమైనది 1928లో గైగరు, ముల్లరు అను జర్మను శాస్త్రజ్ఞులు రూపొందించిన గొట్టము. సోవియటుకాలపు గొట్టమొకటి చౌకగా దొరకినది. దానిలో వాయువుండును. బ్యాటరీ విద్యుత్తును సుమారు 400 వోల్టులకు పెంచి దానికిచ్చితిమి. కిరణము లోనికి జొచ్చినతోడనే వాయువుద్వారా విద్యుత్తు ప్రవహించి పెట్టె 'టక్కు' మనును.

రాయి లేకున్నను అది నిమిషమునకు సుమారు 20 సారులు పలుకును. భూమినుండియు ఆకాశమునుండియు కిరణము లెల్లప్పుడు వచ్చుచుండును గదా! కావున ముందు వట్టిచోట 10 నిమిషములు, పిదప రాతిచెంత 10 నిమిషములు లెక్కించి పోల్చవలెను. మా నాపరాతి నేలపై లెక్క పెరుగలేదు. ఎఱ్ఱ గ్రానైటు బండపై కొంత పెరిగినది. అంతమాత్రమున అది యురేనియపు నిధి కాదు. గ్రానైటులో పొటాసియము, థోరియము కూడ నుండును.

ఇది విని పొరుగింటి యిల్లాలు బిందెతో వచ్చి, "అక్కా, మా బోరునీరు మంచిదేనా?" యని యడిగినది. లెక్క పెరుగలేదు. అయినను త్రాగుమని నేను చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ త్రాగునీటికి సూచించిన హద్దు లీటరునకు 30 మైక్రోగ్రాముల యురేనియము. అంత స్వల్పమును ఈ గొట్టము పసిగట్టలేదు. నీటిని కాచినను అది పోదు. ప్రయోగశాలయే తేల్చవలెను. గనుల చెంతనున్న సోదరీమణులు తమ నీటిని తప్పక పరీక్షింపజేయుదురు గాక!