అడగనివాళ్లు

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ ల్యాబ్ నడుపుతూ, పరిశోధన మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలు వాళ్లే వచ్చి అడుగుతారని చాలాకాలం నమ్మాను. వచ్చినవాళ్లతో ఒక సెమిస్టర్ జీతం లేకుండా పని చేయించి, చేయి తిరిగినవాళ్లను ఉంచుకునేవాణ్ణి. రంగూ జాతీ చూడట్లేదు కదా, ఇంతకంటే న్యాయం ఏముంటుంది అనుకున్నాను.

ఒకసారి రెండో సంవత్సరం చదివే నల్లజాతి అమ్మాయి వచ్చింది. పిపెట్ చేతికిచ్చి జెల్‌లో ప్రోటీన్ వేయమన్నాను. మొదటి గుంటలో వేసింది పక్కకు చిమ్మింది. మూడోదానికల్లా ఎవరూ చెప్పకుండానే మణికట్టుకు రెండో చేయి ఆనించి, నీలిరంగు చుక్కను అంచు తగలకుండా అడుక్కి దించింది. వెళ్లేముందు, "దీనికి జీతం ఉంటుందా ప్రొఫెసర్?" అంది. ముందు పని నేర్చుకో, తర్వాత చూద్దాం అన్నాను. మళ్లీ రాలేదు. ఆసక్తి లేదనుకున్నాను. రాత్రిపూట సూపర్‌మార్కెట్‌లో పని చేస్తోందనీ, అది మానితే అద్దె కట్టలేదనీ నాకు తెలిసేసరికే ఆమె మేజర్ మార్చుకుంది.

మేరీల్యాండ్‌లోని యూఎంబీసీ విశ్వవిద్యాలయంలో నడిచే మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం గురించి శ్రద్ధగా చదివింది ఆ తర్వాతే. దాన్ని అక్కడి విద్యావేత్త ఫ్రీమన్ హ్రబోస్కీ, దాత రాబర్ట్ మేయర్‌హాఫ్ కలిసి 1988లో మొదలుపెట్టారు. మొదటి బ్యాచ్‌లో 19 మంది నల్లజాతి అబ్బాయిలు. మోడెర్నా కోవిడ్ టీకా వెనకున్న పరిశోధనలో ముఖ్యపాత్ర వహించిన కిజ్‌మీకియా కార్బెట్ అక్కడ చదివినవారే. నన్ను కదిలించింది మాత్రం ఆ పేర్లు కాదు, పద్ధతి. అక్కడ పిల్లల్ని వెతికి తెస్తారు. ఫీజుల భారం తగ్గిస్తారు. కాలేజీ తెరవకముందే వేసవిలో పాఠాలు మొదలుపెట్టి, కలిసి చదివిస్తారు, త్వరగా ల్యాబుల్లోకి పంపుతారు. మార్కులు తగ్గినవాళ్లకిచ్చే ట్యూషన్ కాదది. పీహెచ్‌డీ చేస్తారన్న నమ్మకంతోనే చేర్చుకుంటారు.

నా సంగతి చూసుకుంటే, గుంటూరులో చదివేటప్పుడు నేనూ ఎవర్నీ అడిగినవాణ్ణి కాదు. బెంగళూరులో వేసవి ఫెలోషిప్ ఉంటుందని చెప్పి, పక్కన కూర్చుని అప్లికేషన్ నింపించింది మా లెక్చరర్ గారు. స్టైపెండ్ లేకపోతే బెంగళూరు వెళ్లగలిగేవాణ్ణే కాదు. ఇదంతా ఎలా మరిచిపోయానో!

పైగా డబ్బు లేకపోలేదు. అమెరికా ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ ఎన్ఎస్ఎఫ్ గ్రాంటు ఉన్నవాళ్లు డిగ్రీ విద్యార్థుల స్టైపెండ్ కోసం ఆర్ఈయూ అనే పథకం కింద అదనపు నిధులు కోరవచ్చు. నేనే ఎప్పుడూ దరఖాస్తు పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను. ల్యాబ్‌లో మొదటి రోజు నుంచే గంటల లెక్కన జీతం. సెమిస్టర్ మొదట్లో క్లాసుకి వెళ్లి, ఎంత ఇస్తామో, సాయంత్రాలు ఏ వేళల్లో రావచ్చో బోర్డు మీద రాసి వస్తున్నాను.