ముందు రొట్టె, తరువాత మాట



ఇంటర్ ఫలితాల కాలం వచ్చినప్పుడల్లా నా పాత తప్పు ఒకటి గుర్తుకొస్తుంది. ఏ ప్రసంగంలోనూ దాన్ని చెప్పలేదు. ఆ తమ్ముడి అనుమతి తీసుకుని ఇప్పుడు రాస్తున్నాను. అతని పేరు, ఊరు రాయను. తెలిసినవారు కూడా దయచేసి అడగవద్దు.

2019 ఏప్రిల్ 18, గురువారం. మరునాడు శుభ శుక్రవారం. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ప్రసంగానికి సిద్ధపడుతున్నాను. ఆ సాయంత్రమే ఇంటర్ ఫలితాలు వచ్చాయి. చీకటి పడ్డాక మన సంఘంలో కీబోర్డు వాయించే అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యగారూ, రెండు సబ్జెక్టులు పోయినయ్" అన్నాడు. తల మీద చేయి ఉంచి రెండు నిమిషాలు ప్రార్థన చేశాను. "ధైర్యంగా ఉండు నాయనా, విశ్వాసముంటే వచ్చేసారి పాసవుతావు" అన్నాను. నా మనసు ప్రసంగం నోట్సు మీదే ఉంది. అతడు చాలాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్లాడని తరువాత నా భార్య చెప్పింది.

ఈస్టర్ ఆరాధనకు అతడు రాలేదు. కీబోర్డు మీద గుడ్డ కప్పినట్టే ఉంది. ఆరాధన అయ్యాక వాళ్ల అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "మూడు దినాల నుంచి సరిగ తింటలేడు అయ్యగారూ. తలుపేసుకుంటుండు. బోర్డోళ్లే తప్పు చేసిన్రంట గదా, ఒక్కసారి పట్నం పోయి అడుగుదాం."

ఆ తల్లి ఆశ వట్టిది కాదు. ఆ ఏడాది సుమారు 9.7 లక్షల మంది పరీక్షలు రాస్తే మూడు లక్షల మందికి పైగా తప్పారు. ఒక విద్యార్థినికి తెలుగులో 99కి బదులు సున్నా పడిన సంగతి రాష్ట్రమంతా మారుమోగింది. ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలు చదువుతుంటే మా మెట్ల మీద కూర్చున్న ఆ పిల్లవాడే నా కళ్లముందు మెదిలాడు.

సోమవారం తల్లిని, కొడుకుని తీసుకుని రైలెక్కి నాంపల్లి స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి ఇంటర్ బోర్డు కార్యాలయానికి వెళ్లాం. గేటు ముందు తల్లిదండ్రులు, విద్యార్థులు, పోలీసులు. చేతుల్లో హాల్‌టికెట్ల జిరాక్సులు, గొంతుల్లో నినాదాలు. మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు. కనిపించిన ప్రతివారికీ ఆ తల్లి హాల్‌టికెట్ చూపిస్తూనే ఉంది. అబ్బాయి మాత్రం ఒక్కసారైనా గేటు వైపు చూడలేదు. చుట్టూ ఉన్న పిల్లల్లో కోపం ఉంది, ఇతనిలో అదీ లేదు. నాకు భయం వేసింది.

నాతో బైబిలు కాలేజీలో చదివిన సహోదరుడు ఒకరు ఆబిడ్స్‌లోని ఒక బడిలో పని చేస్తున్నారు. ఫోన్ చేశాను. "సెలవులే అయినా మా కౌన్సిలర్ మేడమ్ ఈ వారం వస్తున్నారు, తీసుకురండి" అన్నారు. స్టేషన్ రోడ్డు మీదుగా జీపీవో సర్కిల్ వైపు నడిచాం. దారిలో ముగ్గురం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

చిన్న గది. ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యలో బల్ల లేదు. నేను ఫలితాల సంగతి మొదలుపెట్టబోతే ఆమె చేయెత్తి ఆపి, "బాబూ, పొద్దున ఏమన్నా తిన్నావా?" అని అడిగారు. ఇడ్లీ, టీ తెప్పించారు. అతడు తినేదాకా మార్కుల మాటే లేదు. తరువాత మా ముందే అతనితో అన్నారు: "నువ్వు చెప్పింది నీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పను. నీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం అమ్మకు చెప్తాను. ఆ సంగతి ముందే చెప్తున్నా." మమ్మల్ని బయట కూర్చోమన్నారు. గంట పైనే పట్టింది.

లోపల జరిగింది అతడే తరువాత నాతో చెప్పాడు. నిద్ర పడుతోందా అని అడిగారట. దేనికి భయపడుతున్నావని అడిగారట. ఆ తరువాత సూటిగా, "చచ్చిపోవాలని అనిపించిందా?" అన్నారట. అవునన్నాడు. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదా అని నేను ఆమెను అడిగాను. "పుట్టదు పాస్టర్ గారూ. మోస్తున్నవాడికి దించుకునే చోటు దొరుకుతుంది" అన్నారు.

మొదటి సంవత్సరం రెండో నెల నుంచే అతనికి గణితం అర్థం కావడం లేదట. ఫీజు కోసం నాన్న అప్పు చేశాడని ఎవరికీ చెప్పుకోలేదు. బోర్డు తప్పు అని అమ్మ అంటున్న కొద్దీ అతని భయం పెరిగింది. పేపర్లు మళ్లీ దిద్దితే నిజం బయటపడుతుంది. మేము ఆశ అనుకుని పట్టుకున్నదే అతని మెడకు బరువైంది.

అతడు ఒప్పుకున్నాక తల్లిని లోపలికి పిలిచారు. కొన్నాళ్లు ఒంటరిగా వదలవద్దని, ప్రమాదకరమైనవి ఇంట్లో అందకుండా పెట్టమని, మానసిక వైద్యుని దగ్గరకు కూడా తీసుకెళ్లమని చెప్పారు. సప్లిమెంటరీకి ముందు ఫిజిక్స్ ఒక్కటే, రోజుకు కొంచెం కొంచెం. వారానికోసారి తనకు ఫోన్ చేయాలి. "పరీక్ష రోజు కడుపునొప్పి, క్లాసులో నిద్ర, ఉన్నట్టుండి మౌనం. పిల్లలు ముందు అలా చెప్తారు. మార్కులు చివరికి చెప్తాయి" అన్నారు ఆమె.

తప్పినవారి పేపర్లను ఉచితంగా తిరిగి పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. అలా రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఇతని మార్కులు మారలేదు. అప్పటికి ఇంట్లో అందరికీ నిజం తెలుసు గనుక ఆ కబురు ఎవరినీ కూల్చలేదు. జూన్‌లో ఫిజిక్స్, మరుసటి ఏడాది గణితం గట్టెక్కాడు.

ప్రియులారా, ఆ రాత్రి ఇంటికొచ్చి మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీశాను. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. అంతటి ప్రవక్త! దేవుడు అతణ్ణి గద్దించలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పంపించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టాడు. హోరేబు చేరాక ఇక్కడ ఏమి చేస్తున్నావని రెండుసార్లు అడిగి, రెండుసార్లూ అతని మొర పూర్తిగా విన్నాడు. ఆ తరువాతే పని అప్పగించాడు, తోడుగా ఎలీషాను చూపించాడు. నువ్వు ఒంటరివి కావు, ఇంకా ఏడు వేల మంది ఉన్నారన్నాడు. ఈ అధ్యాయం మీద ఎన్నోసార్లు బోధించాను. దాని వరుస నాకు అర్థమైంది మాత్రం ఆబిడ్స్‌లోని ఆ చిన్న గదిలో. నేను రొట్టె పెట్టకుండానే ప్రసంగం పెట్టాను. నా ప్రార్థన తప్పు కాదు. వినకుండా ప్రార్థించడం తప్పు.

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత గల కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో వచ్చిన తీర్పు అది. మీ పిల్లల కాలేజీలో అలాంటివారు ఉన్నారా? ఈసారి ఫీజు కట్టేటప్పుడు అడగండి. లేకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరకో, కౌన్సిలర్ దగ్గరకో వెళ్లడం అవిశ్వాసం కాదు. ఏలీయా దగ్గరకు దూతను పంపిన దేవుడే వారినీ పంపుతాడు.

ఫలితాలు వచ్చిన రోజు మన పిల్లలకు ఫోన్ చేసి "ఎన్ని వచ్చాయి?" అనకండి. "తిన్నావా?" అనండి. ఆ తరువాత కాసేపు ఊరుకోండి, వాళ్లే చెప్తారు. ఆ సాయంత్రం మా ఇంటి తలుపు తీసే ఉంటుంది. ఈసారి నా బల్ల మీద ఏ నోట్సూ ఉండవు.

ప్రభువా, మా మెట్ల మీద కూర్చుని వెళ్లిపోయిన పిల్లల విషయంలో మమ్మును క్షమించుము. ఇంకా కూర్చున్నవారిని చూడగలిగే కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.