సరస్సు ఒడ్డు అద్దె

మిన్నెసోటాలో పదెకరాలు దాటిన సరస్సులే 11,842. అందులో ఒకదాని ఒడ్డున మాకో చిన్న ఇల్లుంది. వేసవిలో వారాల లెక్కన సెలవులకొచ్చేవాళ్లకిస్తాం, చలికాలమంతా ఒకరికే. వేసవి డబ్బు బాగానే ఉంటుంది. చాకిరీ మాటేమిటి? దుప్పట్లు, చెత్త, పడవ తాళాలు సరే. అసలు గుబులు సెప్టిక్ ట్యాంకుది. ఆరుగురికని కట్టిందాని మీద పదిమంది దిగుతారు. వద్దందామంటే మన మర్యాద నోరు నొక్కేస్తుంది!

నీళ్లు గడ్డకట్టకముందే పడవ కట్టే డాక్‌ను ఒడ్డుకు లాగాలి. లేదంటే మంచు విరిచేస్తుంది. చలికాలపు మనిషి ఇచ్చేది తక్కువే. కానీ హీటర్ ఆరనివ్వడు, పైపులు పగలవు. నా ఓటు అతనికే.

ఇక పన్ను సంగతి. ఇన్ని రోజులు అద్దెకిచ్చే మాకు వర్తించదు గానీ, అమెరికాలో మనం కాపురముండే ఇంటిని ఏడాదిలో 14 రోజులకు మించకుండా అద్దెకిస్తే ఆ రాబడి మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. ఇలాంటి ఇల్లు కొనబోయేవాళ్లు మాత్రం ముందు సెప్టిక్ ట్యాంకు కాగితాలు అడగండి.