వేటభూమి అమ్మకానికి: ఒక పాత ఆడిటర్ సందేహాలు

మా మేనల్లుడు టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియోలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన నెల నాకొక ఈమెయిల్ పంపాడు. "మావయ్యా, నలుగురు స్నేహితులం కలిసి ఒక వేట రాంచ్ కొందామనుకుంటున్నాం. బ్రోచర్, మూడేళ్ళ లెక్కలు జతచేశాను. ఒకసారి చూసిపెట్టండి. డబ్బు అడగడం లేదు, మీ కళ్ళు కావాలి" అని.

ఆ సాయంత్రమే విజయనగరం నుంచి మా చెల్లెలి ఫోను. వాడి తల్లి. "అన్నయ్యా, నువ్వైనా గట్టిగా చెప్పు. మూగజీవాలను చంపించి డబ్బు సంపాదించడమేమిటి? ఆ పాపం పిల్లలకు తగులుతుంది" అంది. మా చెల్లెలు ఆదివారం వండే కోడికూరకు మా బంధువుల్లో మంచి పేరుంది. ఆ మాట అంటే ఫోను పెట్టేస్తుందని ఊరుకున్నాను.

తల్లీకొడుకులు ఇద్దరూ నా మాట కోసమే చూస్తున్నారు. నేను బీకాం చదివి, రక్షణ శాఖ అకౌంట్స్‌లో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి, మళ్ళీ మా నాన్న ఉద్యోగం చేసిన బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పక్కనే ఇల్లు కట్టుకున్నవాణ్ణి. వేట గురించి నాకేం తెలుసు? తుపాకుల బిల్లులు చూశాను గాని తుపాకి పట్టలేదు. అయినా బ్రోచర్ తెరిచాను.

మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో "చక్కగా నిర్వహించబడుతున్న వేట రాంచ్" అని ఉంది. నా ఉద్యోగంలో ఏ స్టోర్సుకు వెళ్ళినా మొదట వినిపించే మాట ఇదే. "సార్, అంతా పక్కాగా ఉంది." అలా అన్నచోట నేను ఇంకో రోజు ఎక్కువ ఉండేవాణ్ణి.

దక్షిణ టెక్సాస్‌లో ఆ నేలను బ్రష్ కంట్రీ అంటారు. అంటే తుప్పల దేశం. ఫొటోలు చూస్తే అనంతపురం వైపు నేల గుర్తొచ్చింది. అక్కడి మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. నాగజెముడు జాతి అక్కడ ఇంటి మొక్క. వాన తక్కువ, వ్యవసాయం కష్టం. అలాంటి నేలలో జింకే పంట. టెక్సాస్ భూమిలో దాదాపు 95 శాతం ప్రైవేటు చేతుల్లో ఉంది. అడవి జింక మాత్రం చట్టప్రకారం ప్రజల ఆస్తి. ఆసామి అమ్మేది జింకను కాదు, తన కంచె లోపలికొచ్చి వేటాడే అనుమతిని.

లెక్కలు చూస్తే, నిజం చెప్పాలంటే, ముచ్చటేసింది. ఏటా హెలికాప్టర్‌లో తిరిగి జింకలను లెక్కపెడతారు. వేటలో పడిన ప్రతి జింకకూ ఒక పద్దు ఉంది. బరువెంత, కొమ్ముల కొలతెంత, దవడ పళ్ళ అరుగుదలను బట్టి వయసెంత అని. నేల ఎన్నిటిని పోషించగలదో చూసి, ఎక్కువైతే ఆడజింకలను కూడా తగ్గిస్తారు. పన్ను లెక్క ఇంకా తమాషా. 1995లో టెక్సాస్ ఓటర్లు రాజ్యాంగ సవరణ ఒకటి ఆమోదించారు. దాని ప్రకారం వ్యవసాయ భూమిని వన్యప్రాణుల కోసం నిర్వహించినా తక్కువ పన్నే ఉంటుంది. అందుకు ఏడు పనుల్లో కనీసం మూడు చెయ్యాలి. నీళ్ళు పెట్టడం, మేత పెట్టడం, నేల కోత ఆపడం లాంటివి ఆ ఏడులో ఉన్నాయి. జంతువులను లెక్కపెట్టడం కూడా వాటిలో ఒకటి.

బ్రోచర్ చివర "అదనపు ఆకర్షణ" అని ఇంకో జంతువు ఫొటో ఉంది. చూసి ఆశ్చర్యపోయాను. అది మన మనుబోతు! హిందీవాళ్ళు నీల్‌గాయ్ అంటారు. 1920, 30లలో జంతుప్రదర్శనశాలల నుంచి తెచ్చి దక్షిణ టెక్సాస్ రాంచ్‌లలో వదిలారు. 1853లో మొదలై ఇప్పుడు 8 లక్షల ఎకరాలకు పైగా ఉన్న కింగ్ రాంచ్ వాటిలో ముఖ్యమైనది. ఇప్పుడక్కడ అవి వేల సంఖ్యలో ఉన్నాయి. పరదేశపు జంతువు గనుక దానికి వేట కాలం అనే హద్దు లేదు. ఏడాది పొడుగునా డబ్బు కట్టి వేటాడవచ్చు.

ఇదే జంతువు బీహార్‌లో పంటలు నాశనం చేస్తోందని 2015 చివర్లో కేంద్రం దాన్ని అక్కడ కొంతకాలానికి హానికర జంతువుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో 200కు పైగా కాల్చారు. దాని మీద ఒక కేంద్ర మంత్రే తన ప్రభుత్వ నిర్ణయాన్ని బహిరంగంగా విమర్శించారు. ఉత్తరాదిలో చాలామంది రైతులకు దాన్ని ముట్టుకోవాలంటే భయం. పేరులో గాయ్ ఉందిగా! తెలుగులో మనం మనుబోతు అన్నాం, పవిత్రత పోయింది. ఒకే జంతువు హిందీలో గోమాత చుట్టం, తెలుగులో మామూలు అడవి జంతువు, టెక్సాస్‌లో అదనపు ఆకర్షణ. జంతువు మారలేదు, పిలుపు మారింది. దాని బతుకు తీరును చూడకుండా పేరును బట్టి కాపాడాలా చంపాలా అని తేల్చడం హేతువాదం కాదు.

ఇంతవరకు వచ్చాక నాకో అనుమానం వచ్చింది. నేను మా మేనల్లుడి వైపు మరీ త్వరగా ఒరిగిపోతున్నానా? వేటకు ధర పెడితే జంతువు మిగులుతుందనే వాదన నిజమైతే, ధర ఉన్న ప్రతిచోటా మిగలాలి. మా వైపు ఏం జరిగింది?

సెంట్రల్ ప్రావిన్సెస్ కాలంలో మా చుట్టుపక్కల ప్రభుత్వ అడవులను షికారు బ్లాకులుగా విభజించి పర్మిట్లు ఇచ్చేవారు. స్వాతంత్ర్యం తర్వాత 1950, 60లలో మధ్యభారతంలో షికారు కంపెనీలు విదేశీయులకు పులివేటలు ఏర్పాటు చేసేవి. ధర బాగానే ఉండేది. పులి మిగిలిందా? వేట మీద నిషేధం పెట్టాల్సి వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి.

సంస్థానాల సంగతీ అంతే. బిలాస్‌పూర్ నుంచి అనూప్‌పూర్ మీదుగా అంబికాపూర్ వెళ్ళే రైలు దారిలో కొరియా సంస్థానం ఉండేది. రాజుగారి అడవిలో పేదవాడు కుందేలు కొట్టినా శిక్షే. ఆ కాలపు భాషలో అది కూడా "చక్కగా నిర్వహించబడుతున్న" వేటభూమే. 1947లో అక్కడి రాజు రామానుజ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రివేళ మూడు చీతాలను కాల్చారు. మన దేశంలో చీతాకు దాదాపు అదే చివరి ఖచ్చితమైన ఆధారం. 1952లో అది అంతరించిపోయిందని ప్రకటించారు. ఇంకెన్ని మిగిలాయని రాజును అడిగే అధికారం ఎవరికీ లేదు. కాపలా ఉంది, ఆడిట్ లేదు.

ధర సంగతికి నా దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. నేను పసివాడిగా ఉన్నప్పుడు రాత్రిళ్ళు ఉలిక్కిపడి ఏడ్చేవాణ్ణట. మా అమ్మ బుధవారి బజారులో ఒక పులిగోరు కొని నా మెళ్ళో కట్టింది. పెద్దయ్యాక తీసి డబ్బాలో పెట్టాను. 2003లో కేంద్రం నిబంధనలు తెచ్చి, ఇళ్ళల్లో ఉన్న వన్యప్రాణి వస్తువులను 180 రోజుల్లో ప్రకటించుకోమంది. ఊరందరి లెక్కలూ చూసే నేను నా ఇంట్లో లెక్కకు రాని ఆస్తి పెట్టుకుని, ఇవాళ రేపు అంటూ గడువు దాటించేశాను. అమ్మ కట్టింది కదా అనే మమకారం. హేతువాదినని చెప్పుకుంటూనే. కొన్నేళ్ళ తర్వాత అటవీ శాఖకు అప్పగిద్దామని బయటికి తీస్తే, జువాలజీ చెప్పి రిటైరైన ఒక మిత్రుడు లెన్సు పెట్టి చూసి నవ్వాడు. అది పులిగోరు కాదు, గేదె కొమ్మును చెక్కింది! నన్ను బాలగ్రహాల నుంచి కాపాడింది గేదె అన్నమాట.

నాది నకిలీయే గాని, ఆ నమ్మకం వల్ల చచ్చిన అసలు పులులు ఉన్నాయి. గోరుకు ధర ఉంది, కాని గోరు అమ్మేవాడికి వచ్చే ఏడు పులి ఉంటుందా లేదా అనే చింత లేదు. రాంచ్ ఆసామికి ఆ చింత ఉంది. తేడా అక్కడే అనిపించింది. ధర ఒక్కటే జంతువును కాపాడదు. ధర తీసుకునేవాడే వచ్చే ఏటి లెక్కకు జవాబు చెప్పాలి.

అయితే నిషేధం పెట్టేస్తే చాలా? అదీ చాలదు. రాజస్థాన్‌లోని సరిస్కాలో వేట లేదు, సంరక్షణ ఉంది, కాగితం మీద పులులూ ఉన్నాయి. 2005 నాటికి తెలిసిందేమిటంటే అడవిలో ఒక్కటీ లేదు. మా భాషలో చెప్పాలంటే లెడ్జర్ బ్యాలెన్స్ ఉంది, గ్రౌండ్ బ్యాలెన్స్ సున్నా. ఆ తర్వాతే అడుగుజాడల లెక్కను వదిలి కెమెరాలు పెట్టడం మొదలైంది. కెమెరాల లెక్క మొహమాటం లేకుండా నిజం చెప్పింది. దేశంలో పులుల అంచనా 2006లో 1,411 నుంచి 2022లో 3,682కు పెరిగింది. మా ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం 2014లో 46, 2018లో 19, 2022లో 17. చట్టం ఒకటే, ఫలితాలు రెండు రకాలు. మా పక్కనున్న అచానక్‌మార్ 1975 నుంచి అభయారణ్యం, 2009 నుంచి టైగర్ రిజర్వు. బోర్డు మారినంత మాత్రాన పులి పెరగదు.

ఇంకో విషయం. 2022 సెప్టెంబరు 17న కూనోకు తెచ్చిన మొదటి ఎనిమిది చీతాలు నమీబియా నుంచి వచ్చాయి. నమీబియా వేటను నిషేధించిన దేశం కాదు. 1996 చట్టంతో అక్కడ గ్రామ సంఘాలకు తమ నేలమీది జంతువుల ఆదాయంలో హక్కు ఇచ్చారు, వేట ఆదాయంతో సహా. వేటాడి చీతాను పోగొట్టుకున్న మనం, వేటకు అనుమతిచ్చే దేశం నుంచి దాన్ని తెచ్చుకున్నాం. దీన్నిబట్టి వేట మంచిదని నేననను. మంచిచెడులు వేట అనే మాటలో లేవని మాత్రం అంటాను.

సరే, మళ్ళీ బ్రోచర్‌కు వద్దాం. లెక్కల్లో ఉన్నవాటిని చూశాక, లేనివాటి కోసం వెతికాను. మూడు కనబడ్డాయి. ఒకటి, జింకలను కృశింపజేసి చంపే ఒక అంటురోగం. దానికి మందూ లేదు, టీకా లేదు. టెక్సాస్‌లో 2012లో బయటపడింది, 2015లో పెంపకపు జింకల్లో కూడా కనిపించింది. ఈ రాంచ్‌లో పెంపకపు జింకలను కొని వదిలారా, పరీక్షలు చేయించారా అన్నదానికి ఒక్క కాగితం లేదు. రెండు, మనుబోతులు పశువులకు జ్వరం తెచ్చే గోమార్లను మోస్తాయి. దక్షిణ టెక్సాస్‌లో ప్రభుత్వం వాటితో తంటాలు పడుతోంది. పక్క ఆసామి పశువులకు జరిగే నష్టం ఈ ఖాతాలో ఎక్కడా లేదు. మూడు, పన్ను తగ్గింపుకు చెప్పిన ఏడు పనుల్లో మాంసాహార జంతువుల అదుపు కూడా ఒకటి. జింకలకు అన్ని గడులున్నాయి గాని, జింకల కోసం చంపిన నక్కజాతి జంతువులకు, అడవిపిల్లులకు ఒక్క గడి లేదు. ఆదాయం తెచ్చే జంతువునే లెక్కపెట్టి దాన్ని సంరక్షణ అంటే ఎలా?

మేనల్లుడికి ఇవే రాశాను. ఆ మూడింటికీ కాగితాలు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దన్నాను. చివర ఇంకొక మాట కూడా రాశాను. "నాకు వేట ఇష్టం లేదు. సరదాకు ప్రాణం తీయడం నాకు నచ్చదు. అది నా మనసు సంగతి. దాన్ని లెక్కల తప్పుగా చూపించి నిన్ను ఆపడం మోసం అవుతుంది, అందుకని విడిగా చెబుతున్నాను."

చెల్లెలికి ఫోను చేసి, పాపపుణ్యాల ఖాతా నా దగ్గర లేదమ్మా, ఉన్న ఖాతా చూశాను అన్నాను. "నువ్వెప్పుడూ ఇంతే" అంది. కాని ఈసారి ఫోను పెట్టెయ్యలేదు. "ఇంతకీ ఆ రోగం మనుషులకు వస్తుందా?" అని అడిగింది. మనుషులకు వచ్చినట్టు ఇంతవరకు రుజువు లేదని, అయినా రోగమున్న జింక మాంసం తినవద్దని అక్కడి ఆరోగ్యశాఖ చెబుతోందని అన్నాను. అంతకుముందు పాపం గురించి మాట్లాడిన మనిషి రుజువు గురించి అడగడం నాకు సంతోషమే.

రెండు వారాలైంది. అమ్మేవాళ్ళ దగ్గర నుంచి కాగితాలు ఇంకా రాలేదట.