మాఫీ అంటే లేదని

బొత్తిగా తెలియని భాషకంటె సగం తెలిసినట్లనిపించే భాషయే మనిషిని ఎక్కువగా మోసగిస్తుంది. ఇందుకు మా ఆర్మూరు ప్రాంతంలో సాక్షులకు కొదువ లేదు. పసుపు తవ్వి అమ్మి, అప్పుల లెక్క తేలగానే గల్ఫు దారి పట్టడం ఇక్కడ 1970ల నుండీ ఉన్నదే.

1948 వరకు నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష. తహసీలు, వకీలు, జమానతు, అంతెందుకు, రైతు అన్న మాటకూ పుట్టిల్లు అరబ్బీయే. కాని పుట్టింటి అర్థం మెట్టినింట నిలవవలెనని నియమమేమీ లేదు కదా!

మా చిన్నాయన 1990వ దశకంలో మస్కటుకు తాపీపనికి వెళ్ళారు. వీసా ఖర్చును జీతంలో నెలనెలా కోసుకుంటామని కంపెనీవారు ముందే చెప్పారు. మూడవ నెలా జీతం చేతికందకపోయేసరికి అడగబోతే గుమాస్తా "ఫులూస్ మాఫీ" అన్నాడు. ఫులూస్ అంటే డబ్బని ఆయన అప్పటికే నేర్చుకున్నారు. మాఫీ సంగతి మన రైతుకు వేరే చెప్పాలా? ఆ రాత్రే ఇంటికి ఉత్తరం: "మన బాకీ మొత్తం మాఫీ జేసిండ్రు. ఇగ జీతమంత మనదే." చిన్నమ్మ సిద్ధులగుట్ట ఎక్కి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఊళ్ళో వడ్డీకిచ్చినాయనకు వాయిదా తేదీ కూడా చెప్పేశారు.

గల్ఫు అరబ్బీలో మాఫీ అంటే 'లేదు'. డబ్బు లేదు పొమ్మన్నాడు, అంతే.

మరల అడిగితే "బుక్రా" అన్నాడట. రేపు అని అర్థం. చిన్నాయన చెవికది 'బక్రా'గా వినబడింది. "జీతమియ్యక పైంగ బక్రా అంటడా!" అని తాపీ కింద పెట్టి కూర్చున్నారు. (నా దృష్టిలో ఆ అనువాదంలో పెద్ద దోషమేమీ లేదు.) మరొకనాడు ఎవరో తనను చూపి "గరీబ్" అంటే, "అవు సాబ్, గరీబోణ్ణే" అని చేతులు జోడించారట. అరబ్బీలో గరీబ్ అంటే పరదేశి.

అన్నిటికంటె నాకు నచ్చినది కిరాణా దుకాణం ముచ్చట. ఎవరో "కుర్కుమ్" అని అడిగితే దుకాణదారు పసుపు తూచి ఇస్తున్నాడు. "ఆయన కుంకుమ అడిగితే నువ్వు పసుపు ఇస్తున్నవేంది భాయ్?" అని మా చిన్నాయన మధ్యవర్తిత్వం. పసుపుకు అరబ్బీ పేరే కుర్కుమ్. శాస్త్రజ్ఞుల 'కుర్కుమా లోంగా' అందులోంచి వచ్చినదే. బుద్ధి తెలిసిన నాటినుండీ పసుపు పండించినవానికి పసుపు గురించి ఆ దుకాణదారు పాఠం చెప్పాడట.

ఆ మూడు నెలల జీతం రానే లేదు. పాసుపోర్టు కఫీలు దగ్గరే వదిలి, చిన్నాయన రెండేళ్ళు 'కల్లివెల్లి'గా బతికారు. అరబ్బీలో 'పోనీ, వదిలెయ్' అన్న మాట అది; మా పల్లెల్లో మాత్రం కాగితాలు లేకుండా దాగి పనిచేసేవాని పేరు.

2024లో రెండు లక్షల రుణమాఫీ జరుగుతున్నప్పుడు, "మాఫీ వచ్చిందట కాకా!" అని పక్కింటి పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. పసుపు కొమ్ములు ఎండబోస్తున్న చిన్నాయన తల ఎత్తకుండానే అడిగారు:

"ఏ మాఫీరా? మనదా, మస్కటుదా?"